కొత్త బోరు కన్నా ముందు పాత బోరింగు విప్పి చూడండి

వందనాలు బ్రదర్.

మీరు అడిగింది ఇదీ. విశాఖలో మీ సంఘం యూత్ క్రిస్మస్ కానుకలు, కృతజ్ఞతార్పణలు కలిపి 6 లక్షలు కూడబెట్టింది. అనంతగిరి మండలంలో 38 ఇళ్ళ గూడెంలో ఒక బోరు వేయించాలి. మిగిలిన డబ్బుతో భీమిలి దారిలో ఒక మత్స్యకారుల పేటలో 12 మరుగుదొడ్లు కట్టించాలి. రెండూ ఈస్టర్‌కి ప్రారంభం చెయ్యాలని పాస్టరు గారి కోరిక. గూడెంలో పాత బోరింగు ఏడాదిన్నరగా మూలపడి ఉందని, జనం కొండ మీది ఊట నీళ్ళు మోసుకొస్తున్నారని కూడా రాశారు.

నా సలహా వరస వేరుగా ఉంటుంది. ముందు ఆ పాత బోరింగు, తర్వాత ఊట. ఆ రెండూ కాదని తేలాకే కొత్త బోరు. మరుగుదొడ్లు పన్నెండూ ఒకేసారి వద్దు. ఈస్టర్ తేదీని దయచేసి వదిలెయ్యండి, ఎందుకో కింద చెప్తాను.

పాస్టరు గారికి చెప్పడానికి ఆదికాండము 26వ అధ్యాయం చాలు. ఇస్సాకు గెరారు లోయలో మొదట చేసిన పని, తన తండ్రి కాలంలో తవ్వి ఫిలిష్తీయులు పూడ్చేసిన బావుల్ని మళ్ళీ తవ్వించడం. వాటికి తండ్రి పెట్టిన పేర్లే పెట్టాడు. కొత్త బావులు ఆ తర్వాత. ఏజెన్సీలో ఏ మండలం తిరిగినా పూడిన బావులకి బదులు చెయిన్ తెగిన బోరింగులు కనబడతాయి. బోరు గోతిలో నీళ్ళు నిక్షేపంగా ఉంటాయి, పైకి తెచ్చే సామాను మాత్రం చెడిపోయి ఉంటుంది. కొత్తది వేస్తే ఫలకం మీద మీ పేరు ఉంటుంది, పాతది బాగు చేస్తే ఉండదు. తేడా అంతే.

ఆ బోరింగు దాదాపు ఖాయంగా ఇండియా మార్క్ 2 రకం అయి ఉంటుంది. దీని పుట్టుక వెనక క్రైస్తవ మిషన్ల పని ఉందని మన సంఘాల్లో చాలామందికి తెలియదు. మహారాష్ట్రలో కరువు గ్రామాలకి బోర్లు వేసిన మిషన్ వర్క్‌షాపుల వాళ్ళు, పోత ఇనుప పంపులు వరసగా విరిగిపోతుంటే ఉక్కుతో జాల్నా పంపు తయారు చేసుకున్నారు. తర్వాత షోలాపూర్ పంపు వచ్చింది. 1970ల్లో యూనిసెఫ్ తోడ్పాటుతో అదే మార్క్ 2గా స్థిరపడి దేశమంతా పాకింది. కొత్త బోర్లు లెక్కపెట్టుకోవడం కన్నా, వేసిన పంపు ఎందుకు ఆగిపోతోందని అడగడం వల్ల పుట్టిన పంపు అది.

విప్పక ముందే చాలా సంగతి హ్యాండిల్ చెప్తుంది. హ్యాండిల్ తేలిగ్గా ఆడుతూ చుక్క రాకపోతే లోపల రాడ్డు ఊడిందో విరిగిందో, లేదా నీటి మట్టం సిలిండర్ (నీళ్ళని పైకి నెట్టే లోపలి పంపు గొట్టం) కిందికి పోయిందో. పొద్దున్నే ఇరవై ముప్పై సార్లు కొడితే గానీ నీళ్ళు అందవు, ఆ తర్వాత బాగానే వస్తాయి అంటే నీళ్ళు వెనక్కి జారకుండా ఆపే కింది ఫుట్ వాల్వ్ కారుతోంది, లేదా పైపు జాయింటు కారుతోంది. నీళ్ళు వస్తాయి గానీ సన్నగా వస్తే సిలిండర్ లోపలి కప్ వాషర్లు అరిగాయి. హ్యాండిల్ పక్కలకి ఊగుతుంటే బేరింగులు పోయాయి. దాన్ని అలాగే వాడితే ఇరుసు కూడా పోతుంది. కిందికి నొక్కాక రాడ్డు తన బరువుతో దిగకుండా చెయిన్ వదులై ముడుచుకుంటుంటే కొత్తగా వేసిన వాషర్లు బిగువైనట్టు.

బాగు చేశాక రెండు పరీక్షలు చెయ్యండి. నిమిషానికి 40 స్ట్రోకుల వేగంతో ఒక నిమిషం కొట్టి బకెట్‌లో పట్టండి, కనీసం 12 లీటర్లు రావాలి. తర్వాత అరగంట ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా వదిలేసి, ఎన్ని స్ట్రోకులకి నీళ్ళు అందుతాయో చూడండి. ఐదు దాటితే లీకు ఇంకా ఉన్నట్టే, మెకానిక్‌కి డబ్బు ఇవ్వకండి.

మార్క్ 2లో కప్ వాషర్లు మార్చాలంటే మొత్తం గొట్టం పైకి లాగాలి. 32 ఎంఎం జీఐ (జింకు పూత ఇనుము) పైపులు మూడు మీటర్ల ముక్కలు. సిలిండర్ 30 మీటర్ల లోతులో ఉంటే పది పైపులు, అన్ని రాడ్లు, లోపల నిలిచిన నీళ్ళు. నలుగురైదుగురు మనుషులు, పైపు లిఫ్టర్, క్లాంపులు, 36 అంగుళాల పైపు పానా ఉండాల్సిందే. తాళ్ళతో లాగబోతే పైపు జారి గోతిలో పడుతుంది, ఇక ఆ బోరు పోయినట్టే. మండల ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా) ఆఫీసులో అడిగితే బోర్ మెకానిక్‌నీ, సామాన్నీ పంపుతారు. బోరు పంచాయతీ ఆస్తి కాబట్టి వాళ్ళకి చెప్పకుండా ముట్టుకోకూడదు కూడా.

ఒక విషయం దగ్గరుండి చూడండి. ఏజెన్సీలో చాలాచోట్ల "బోరింగు నీళ్ళు ఎర్రగా వస్తాయి, అన్నం రంగు మారుతుంది" అని జనం పంపుని వాళ్ళే వదిలేస్తారు. తెల్లవారి మొదటి బిందె ఒక తెల్లటి పళ్ళెంలో పొయ్యండి, పది బిందెల తర్వాత ఇంకో పళ్ళెంలో పొయ్యండి. మొదటిది ఎర్రగా, రెండోది తేటగా ఉంటే ఇనుము భూమిలోది కాదు, మీ జీఐ పైపుది. నీళ్ళలో కొంచెం పులుపు గుణం ఉండి రాత్రంతా గొట్టాన్ని తింటోంది. అప్పుడు పైపులు యూపీవీసీ ప్లాస్టిక్‌కో స్టెయిన్‌లెస్ స్టీలుకో మారిస్తే సరిపోతుంది. రెండు పళ్ళాలూ తేటగా ఉండి, గంట నిలిచాక రెండూ ఎర్రబడితే ఇనుము నీటిలోదే. దానికి ఇనుము తీసే ఫిల్టరు కావాలి. ఆ ఫిల్టరు ఇసుక కడిగే మనిషి గూడెంలో దొరక్కపోతే పెట్టకండి, కట్టిన మూడు నెలలకి అది పక్కకి పడేసిన సిమెంటు తొట్టి అవుతుంది.

ఇప్పుడు ఊట. అనంతగిరి కొండల్లో ఏడాది పొడుగునా పారే ఊటలు ఉన్నాయి. గూడేనికి పైన ఊట ఉంటే కరెంటు లేకుండా, మోటారు లేకుండా నీళ్ళు వీధిలోకి వస్తాయి. బోరు లారీ ఎక్కలేని గూడేలకి ఇదే దారి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ నగరమే కరెంటు పోయి నీళ్ళకి అల్లాడింది. కొండ మీద మోటారు నమ్ముకున్న పథకం అలాంటి రోజుల్లో ఎంత నిలుస్తుందో ఆలోచించండి.

ఈస్టర్ వద్దన్నది దీనికోసం. ఊటని కొలవాల్సింది ఏప్రిల్ చివర, మే మొదట్లో, వేసవి వానలు పడకముందు. డిసెంబరులో ప్రతి ఊటా బాగానే పారుతుంది. 20 లీటర్ల బకెట్ పెట్టి నిండడానికి ఎన్ని సెకన్లో చూడండి. 80 సెకన్లు పడితే నిమిషానికి 15 లీటర్లు, రోజుకి 21,600 లీటర్లు. 38 ఇళ్ళలో 170 మంది అనుకుంటే, జల్ జీవన్ మిషన్ లెక్క ప్రకారం తలకి 55 లీటర్ల చొప్పున 9,350 లీటర్లు కావాలి. కాబట్టి ఆ ఊట సరిపోతుంది, మిగిలింది గెడ్డలోకి వదిలెయ్యాలి. కింద మడులకీ పశువులకీ ఆ నీళ్ళే ఆధారం, మొత్తం పైపులోకి మళ్ళిస్తే కింది ఊరితో తగువు వస్తుంది. పొద్దున్న రెండు గంటల్లోనే రోజు వాడకంలో సగం లాగేస్తారు కాబట్టి ఊళ్ళో 5,000 లీటర్ల ట్యాంకు ఉండాలి, రాత్రి నిండుతుంది.

ఊట దగ్గర కట్టే తొట్టిలోనే ఎక్కువ పథకాలు చెడతాయి. నీరు నేల మీద కనబడిన చోట కాకుండా, వెనక్కి తవ్వుకుంటూ వెళ్ళి రాతిలోంచి అది బయటపడే కన్ను పట్టుకోవాలి. కన్ను ముందు కడిగిన కంకర పోసి, దాని మీద బంకమట్టి కొట్టి, ముందువైపు గోడ కట్టాలి. పొర్లే గొట్టం ఎప్పుడూ ఆ కన్ను మట్టానికి కిందే ఉండాలి. తొట్టిలో ఎక్కువ నీళ్ళు నిలపాలని గోడ ఎత్తి గొట్టం పైకి పెడితే, వెనక్కి ఒత్తిడి పడి ఊట ఇంకో దారి చూసుకుంటుంది. తొట్టి ఎండిపోతుంది, నీళ్ళు పది అడుగుల పక్కన కారుతుంటాయి. మళ్ళీ దాన్ని వెనక్కి తేవడం చాలాసార్లు కుదరదు. తొట్టికి పైన ఎనిమిది పది మీటర్ల దూరంలో వాననీరు పక్కకి పోయేలా కాలవ తియ్యండి, పశువులు రాకుండా కంచె వెయ్యండి, మూతకి తాళం పెట్టండి. కొన్ని ఊటల దగ్గర గూడెం వాళ్ళు పూజ చేసుకుంటారు. సంఘం పేరుతో వెళ్ళినవాళ్ళు అక్కడి రాయిని కూడా కదపకూడదు. ఎక్కడ తవ్వాలో వాళ్ళ పెద్దల్ని అడిగి తవ్వండి.

పైపు లెక్కలో జనం మర్చిపోయేది ఒకటుంది. ఊట ఊరికి 70 మీటర్ల ఎత్తులో ఉంటే, కుళాయిలన్నీ మూసిన అర్ధరాత్రి ఆ 70 మీటర్ల ఒత్తిడీ కింది పైపు మీదే ఉంటుంది. పీఎన్ 6 తరగతి హెచ్‌డీపీఈ (ప్లాస్టిక్) పైపు 60 మీటర్ల ఒత్తిడికే. కాబట్టి మధ్యలో ఒత్తిడి తెగ్గొట్టే చిన్న తొట్టి ఒకటి కట్టాలి, లేదా కింది భాగానికి పీఎన్ 10 వాడాలి. 32 ఎంఎం పైపులో సెకనుకి పావు లీటరు పారితే ప్రతి వంద మీటర్లకీ సుమారు ఒక మీటరు ఎత్తు రాపిడికి పోతుంది. దూరం కిలోమీటరైనా ఎత్తు బాగా ఉంటే సరిపోతుంది. దారిలో మిట్ట వచ్చిన చోట గాలి వాల్వ్, పల్లంలో బురద వదిలే వాల్వ్ పెట్టండి. మిట్ట మీద గాలి చిక్కుకుంటే ఊటలో నీళ్ళుండి కుళాయిలో రావు, జనం పైపు పగిలిందేమో అని కోసి చూస్తారు. పైపుని ముప్పావు మీటరు లోతులో పూడ్చండి. పైకి తేలిన హెచ్‌డీపీఈ పైపు పోడు మంటలకి ఒక్క మధ్యాహ్నంలో కరిగిపోతుంది. రాయి అడ్డొచ్చి తవ్వలేని చోట ఆ ముక్క వరకు జీఐ వేసుకోండి.

అనుమతి మాట. ఊట రిజర్వు అడవిలో ఉంటే భయపడి వెనక్కి రావద్దు. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2)లో తాగునీటి పైపులైన్లు ఉన్నాయి. హెక్టారు లోపు భూమి, హెక్టారుకి 75 చెట్లకి మించి కొట్టకపోవడం, గ్రామసభ సిఫారసు ఉంటే డీఎఫ్‌ఓ (డివిజనల్ అటవీ అధికారి) స్థాయిలో అనుమతి వస్తుంది. ట్యాంకు స్థలం మాత్రం ట్రస్టు పేరుతో రాయించుకోవాలని చూడకండి. షెడ్యూల్డ్ ప్రాంతంలో 1970 నాటి 1వ నంబరు రెగ్యులేషన్ ప్రకారం గిరిజనేతరులకి భూమి బదిలీ చెల్లదు. గ్రామసభ తీర్మానంతో పంచాయతీ పేరునే ఉంచండి.

ఇవన్నీ చూశాక కూడా కొత్త బోరే కావాలని తేలితే, వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి తీసుకుని, కాంట్రాక్టరుతో కాగితం మీద రాయించుకోవాల్సింది లోతు కాదు, కేసింగు, అంటే బోరు పైభాగం కూలకుండా దించే గొట్టం. మన తూర్పు కనుమల్లో ఖొండలైటు రాయి పైపైన మెత్తబడి సుద్దలా ఉంటుంది. గట్టి రాయి తగిలి, అందులోకి ఇంకో మీటరు దిగేదాకా కేసింగు వెయ్యాలి, దాని చుట్టూ సిమెంటు పొయ్యాలి. ఖర్చు తగ్గిస్తానని కేసింగు కురచ చేస్తే రెండో వానాకాలానికి మట్టి కూలి సిలిండర్‌ని పట్టేస్తుంది, పైనుంచి మురుగు కూడా అదే సందులోంచి దిగుతుంది. మరుగుదొడ్డి గుంతకి 15 మీటర్లు తగ్గకుండా, పగుళ్ళ రాయిలో 30 మీటర్ల దూరం ఉండాలి. నీళ్ళు పడని గోతిని అదే రోజు రాళ్ళూ మట్టితో అడుగు నుంచి పైదాకా పూడ్చాలి. అడుగు నుంచి పైదాకా పూడ్చాలన్నది పిల్లలు బోరు గుంతల్లో పడి చనిపోతున్నందుకు 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం. పనికొచ్చే బోరుకి కూడా, బోరింగు దించేలోపు ఇనుప మూత వెల్డింగ్ చెయ్యాల్సిందే.

బోరింగు ఎక్కడ పెట్టాలన్నది కూడా మీరు ముందే తేల్చుకోవాలి. చర్చి ఆవరణలో వద్దు. నీళ్ళకి వచ్చే ఆడవాళ్ళకి ప్రార్థన కూడిక ఉంటుందని షరతు వద్దు. సమరయ స్త్రీని యేసు ప్రభువే నీళ్ళడిగాడు, ఆమె ఏ కొండ మీద ఆరాధిస్తుందో తేల్చుకున్నాక అడగలేదు. అందరూ నడిచే దారిలో, పల్లానికి వాలు ఉన్న చోట చప్టా కట్టి, నీళ్ళు పోయే కాలవ కనీసం మూడు మీటర్లు తీసి ఇంకుడు గుంతలో కలపండి. కాలవ లేని చప్టా చుట్టూ బురద, దోమలు చేరతాయి. మలేరియా ఉన్న కొండల్లో అది మేలు కన్నా కీడు.

నీటి పరీక్ష రెండు రకాలు. రసాయనాలకి సీసా నింపి ఆర్‌డబ్ల్యూఎస్ ల్యాబ్‌కి ఇవ్వండి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే ఆధారం లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. నైట్రేటు 45 దాటకూడదు. క్రిములకి అయితే హెచ్‌2ఎస్ సీసా చాలు, నీళ్ళు పోసి వెచ్చని చోట ఒకటి రెండు రోజులు ఉంచాలి, నల్లబడితే మలం కలిసిందని అనుకోండి. బాగు చేసిన బోరుని వాడకానికి ఇచ్చేముందు శుద్ధి చెయ్యండి. ఆరున్నర అంగుళాల బోరులో మీటరుకి 21 లీటర్ల నీరుంటుంది. 40 మీటర్ల నీరుంటే దాదాపు 850 లీటర్లు, దానికి తాజా బ్లీచింగ్ పౌడరు 130 గ్రాములు. బకెట్‌లో కలిపి, సున్నం పేరుకున్నాక పైతేట మాత్రమే పోసి, వాసన వచ్చేదాకా కొట్టి, రాత్రంతా వదిలి, పొద్దున్న వాసన పోయేదాకా తోడెయ్యాలి. ఊట ట్యాంకుకి మామూలు రోజుల్లో వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాములు. కుళాయి దగ్గర క్లోరోస్కోపు (క్లోరిన్ కొలిచే పెట్టె) లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు చూపించాలి. మూత తీసి నెలల తరబడి ఉంచిన బ్లీచింగ్‌కి వాసన తప్ప పని ఉండదు, చిన్న ప్యాకెట్లు కొనండి.

ఇక పేటలో మరుగుదొడ్లు. మేస్త్రీని వదిలేస్తే కన్నాల్లేని సిమెంటు వరలు ఆరేడు దించి "సెప్టిక్ ట్యాంకు" అంటాడు. ఇసుక నేలలో, అక్టోబరు నవంబరు వానలకి నీరు పైకి వచ్చే చోట, అది నిండితే తోడే బండి సందుల్లోకి రాదు. రక్షణ సామాను లేకుండా మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరం, అంతకన్నా ముందు అది ప్రాణం తీసే పని. రెండు గుంతల మరుగుదొడ్డి (ఒకటి నిండాక రెండోదానికి మార్చేది) కట్టండి. ఐదుగురు ఉన్న ఇంటికి మీటరు వ్యాసం, గొట్టం మట్టం కింద మీటరు పైచిలుకు లోతు ఉంటే ఒక గుంత మూడేళ్ళు వస్తుంది. గుంతకీ గుంతకీ మధ్య కనీసం మీటరు ఎడం ఉండాలి. గోడ ఇటుకల మధ్య సందులు ఇసుక నేలలో 12 నుంచి 15 ఎంఎం మించొద్దు, పెద్దవైతే ఇసుక లోపలికి జారి గుంత కూలుతుంది. వానాకాలంలో నీటి మట్టం దగ్గరగా వస్తే గుంతల్ని నేలకి పైకి ఎత్తి చుట్టూ మట్టి కట్ట వెయ్యండి, అడుగు మూసేసి చుట్టూ అరమీటరు మందాన ఇసుక పొర నింపండి. పక్కన తాగునీటి బావి ఉంటే ఇది తప్పనిసరి.

ఎక్కువ చెడేది రెండు గొట్టాలు విడిపోయే చిన్న తొట్టి దగ్గర. ఒక గొట్టం ఇటుకా మట్టీ పెట్టి మూసి ఉంచాలి. మేస్త్రీలు రెండూ తెరిచి వదిలేస్తారు, లేదా ఆ తొట్టిని గచ్చు కింద కప్పేస్తారు. రెండు గుంతలూ కలిసి నిండుతాయి, మూడో ఏట మార్చడానికి ఖాళీ గుంత ఉండదు. మళ్ళీ సముద్రం గట్టుకే వెళ్తారు. డబ్బు చెల్లించే ముందు ప్రతి తొట్టి మూత తీయించి చూడండి. బేసిన్ వాలు ఎక్కువున్న గ్రామీణ రకం, వాసన ఆపే 20 ఎంఎం నీటి సీలు ఉన్న ట్రాప్ (వంపు గొట్టం) అయితే రెండు లీటర్లతో కడుక్కుపోతుంది. పట్నం బేసిన్ పెడితే ఐదారు లీటర్లు మోసుకొచ్చేది ఇంట్లో ఆడవాళ్ళే. స్నానానికి పక్కనే గోడ కలిపి చిన్న గది కట్టించండి, ఆడవాళ్ళు ముందు అడిగేది అదే. మొదట మూడు ఇళ్ళకి కట్టి ఒక వానాకాలం చూడండి. ఒడ్డుకి దగ్గరైతే సీఆర్‌జెడ్ (సముద్ర తీరప్రాంత నిబంధనలు) సంగతి పంచాయతీలోనో జీవీఎంసీ జోనల్ ఆఫీసులోనో ముందే అడగండి.

డబ్బు గురించి. విదేశాల నుంచి ఎవరైనా ఇస్తామంటే జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ సొంత సంపాదన మామూలు బ్యాంకు దారిలో పంపవచ్చు. పౌరసత్వం మార్చుకున్న మనవాళ్ళు ఇచ్చేది విదేశీ విరాళమే, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేకుండా తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్ ఉన్న ఇంకో సంస్థ తీసుకుని మీకు ఇవ్వడం కూడా 2020 సవరణ తర్వాత కుదరదు.

6 లక్షల్లో 60 వేలు మొదటి రోజే పక్కన పెట్టెయ్యండి. కప్ వాషర్లు, చెయిన్, బేరింగులు, కుళాయిలు, క్లోరోస్కోపు ద్రావణం, బ్లీచింగ్ ఇందులోంచే. గూడెంలో ఐదుగురు ఆడవాళ్ళతో నీటి కమిటీ పెట్టి ఇంటికి నెలకి 20 రూపాయలు వసూలు చేస్తే ఏడాదికి 9,120 అవుతుంది. ఆ డబ్బు సంఘం ఖాతాలో కాక వాళ్ళ పేరున పోస్టాఫీసులో ఉండాలి. కమిటీలో ఒకామెకి హ్యాండిల్ బోల్టులు బిగించడం, చెయిన్‌కి గ్రీజు పెట్టడం మెకానిక్ చేతే నేర్పించండి, పానాలు ఆమె ఇంట్లోనే ఉంచండి.

పాత బోరింగులో ఎన్ని పైపులు ఉన్నాయో, ఊటకీ ఊరికీ ఎత్తు తేడా ఎంతో, మే మొదటి వారంలో బకెట్ ఎన్ని సెకన్లలో నిండిందో రాయండి. పైపు సైజు, ట్యాంకు స్థలం లెక్క వేసి ఇక్కడే చెప్తాను.